లోడ్ పికప్ ఊగుతోందా, కూర్చుంటోందా? షాక్‌లు కొనే ముందు ఇవి చూసుకోండి

బండి వెనక భాగం లోడుకు దిగిపోతోందంటే చాలామంది నేరుగా స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్లి "గట్టి షాక్‌లు ఇవ్వండి" అంటారు. డబ్బు దండగయ్యేది అక్కడే. బరువు మోసేది కమాన్ కట్టలు, అంటే ఇరుసు దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. గుంతలో నొక్కుకున్న కట్ట తిరిగి పైకి తన్నినప్పుడు ఆ ఊపును అణచడమే దాని పని. లోపలి ఆయిల్ సన్నని రంధ్రాల్లోంచి దూరుతుంటే ఆ ఊపంతా వేడిగా మారుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఏది మార్చాలో చాలావరకు తేలిపోతుంది.

సమస్య: లోడ్ వేస్తే వెనక కూర్చుంటోంది, లేదా ఒక పక్కకు ఒరుగుతోంది

ఇది షాక్‌ల తప్పు కాదు. ఖాళీ బండిని చదునైన చోట నిలిపి, వెనక చక్రం మధ్య నుంచి బాడీ అంచు వరకు రెండు పక్కలా టేపుతో కొలవండి. ఒక పక్క తక్కువుంటే ఆ కట్టలో పట్టీ విరిగిందేమో, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్ట్ తెగిందేమో చూడాలి. రెండు పక్కలా ఒకేలా దిగిపోతే పట్టీలు అలిసిపోయాయి, లేదా మోయగలిగినదానికంటే ఎక్కువ వేస్తున్నారు. ఆర్సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి, తీసివేసి చూసుకోండి. కట్ట బాగు చేయించకుండా షాక్‌లు మార్చితే బండి ఎత్తు పెరగదు.

సమస్య: స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా ఊగుతూనే ఉంది

ఇది అసలైన షాక్ సమస్య. మదనపల్లె మార్కెట్ నుంచి టమాట ట్రేలతో వెళ్లే పికప్ వెనకాలే కాసేపు నడిపితే తెలుస్తుంది: షాక్‌లు బాగుంటే ఎగుడుదిగుడు దాటగానే ట్రేల వరుస కుదురుకుంటుంది, పోయి ఉంటే పై ట్రేలు రోడ్డు చదునయ్యాక కూడా కదులుతూనే ఉంటాయి. ఆ ఒరిపిడికి కాయ నలిగితే నష్టపోయేది రైతు, వ్యాపారి. అందుకే ఈ విషయంలో అశ్రద్ధ నాకు అస్సలు నచ్చదు.

బాడీని చేత్తో నొక్కి చూడటం కారుకు పనికొస్తుంది గానీ, ఇంత బిగువైన కట్టలున్న బండికి పనికిరాదు. పట్టీల మధ్య ఒరిపిడే ఊపును కొంత ఆపేస్తుంది. ఇలా చూడండి. గతుకుల రోడ్డు మీద కాసేపు నడిపి ఆపగానే, కాలకుండా జాగ్రత్తగా ఒక్కో షాక్‌కు చెయ్యి దగ్గరపెట్టండి. పనిచేసేది వెచ్చగా ఉంటుంది. మిగతావి వేడెక్కినా ఒకటి చల్లగా ఉంటే అది పోయినట్టే. షాక్ మీద ఆయిల్ పలచగా చెమ్మలా అంటుకుని దుమ్ము పట్టి ఉంటే కంగారు పడక్కర్లేదు. తడిగా కిందికి కారుతుంటే మాత్రం మార్చాలి. ఒక్కటే పోయినా ఆ ఇరుసుకున్న రెండూ కలిపి మార్చండి.

సమస్య: గుంతలో పడగానే టక్ టక్‌మని చప్పుడు

ఎక్కువసార్లు షాక్ చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ అరిగి ఉంటుంది, లేదా షాక్ పై నట్టు వదులై ఉంటుంది. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్‌లు కూడా చూడండి. బుష్‌తో పోయేదానికి షాక్ కొననక్కర్లేదు.

సమస్య: కొత్త షాక్‌లు వేశాక ఖాళీ బండి ఎగిరిపడుతోంది, లేదా షాక్ కన్ను (బోల్టు దూరే చివరి రింగు) విరిగింది

రెండు కారణాలు. ఒకటి, మరీ గట్టివి తీసుకోవడం. లోడ్ ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక చక్రాలు రోడ్డును పట్టుకోవు. రెండోది పొడవు, ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. కట్టకు అదనంగా పట్టీ వేయించాక బండి లేస్తుంది. పాత కొలత షాక్ అప్పుడు దాదాపు పూర్తిగా సాగి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగగానే ఇంకా సాగే చోటు లేక కన్ను దగ్గర తెగుతుంది.

కొలిచే పద్ధతి ఇది. పాత షాక్‌లు విప్పి, ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలిపి చక్రాలను వేలాడనివ్వండి. పై, కింది బోల్టుల మధ్య దూరం కొలవండి. కొత్త షాక్ పూర్తిగా సాగినప్పుడు దీనికంటే పొడవుండాలి. తర్వాత బండిని చక్రాల మీద నిలిపి అదే దూరం కొలిచి, ఇరుసుకూ బంప్ రబ్బరుకూ (ఇరుసు బాగా పైకి లేచినప్పుడు తగిలే రబ్బరు దిమ్మ) మధ్య ఖాళీని అందులోంచి తీసేయండి. కొత్త షాక్ పూర్తిగా నొక్కినప్పుడు ఈ లెక్కకంటే పొట్టిగా ఉండాలి, రబ్బరు కూడా నలుగుతుంది కాబట్టి ఇంకాస్త వదులుంచండి. బొలెరో పికప్ అనే పేరు మీదే 1.3 టన్నుల, 1.7 టన్నుల మోడళ్లున్నాయి. బండి పేరు ఒక్కటే చెప్పి కొనకండి, పాత షాక్ మీది పార్ట్ నంబర్, ఛాసిస్ నంబర్ తీసుకెళ్లండి.

సమస్య: స్టీరింగ్ వణుకుతోంది

ముందు టైర్ బ్యాలెన్సింగ్, టై రాడ్ ఎండ్‌లు, బాల్ జాయింట్లు చూపించండి. షాక్ దగ్గరికి రావడం ఆఖరున.

ఏ రకం కొనాలి?

ఊళ్లలో, మామూలు రోడ్ల మీద తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన కొలతలో గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే రకం) చాలు. రోజంతా గతుకుల మీద లోడుతో తిరిగే బండికి మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే రకం) మేలు. ఆయిల్, గ్యాస్ వేర్వేరుగా ఉంటాయి, వేడెక్కినా ఆయిల్ నురగ కట్టదు. కానీ క్వారీలో తిరిగే బండికి ఆలోచించుకోండి. రాయి తగిలి దాని గొట్టం సొట్టపడితే లోపలి పిస్టన్ బిగుసుకుంటుంది. ట్విన్ ట్యూబ్‌కు బయట ఇంకో గొట్టం ఉంటుంది కాబట్టి చిన్న సొట్ట తట్టుకుంటుంది. ఆయిల్ మార్చి రంగు వేసి అమ్మే పాత షాక్‌లు మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. సీలు, వాల్వు ఏ స్థితిలో ఉన్నాయో బయటికి తెలియదు.

బిగించేటప్పుడు

ట్విన్ ట్యూబ్ అయితే ముందు నిలువుగా పట్టి పూర్తిగా సాగదీసి, నొక్కి, ఇలా నాలుగైదు సార్లు చేయండి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి బయటపడుతుంది. గ్యాస్ లేని షాక్ నొక్కి వదిలాక దానంతటది లేవదు, అది లోపం కాదు. బుష్ ఉన్న బోల్టుల ఆఖరి బిగింపు జాకీ మీద కాకుండా, బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే ఇవ్వాలి. లేకపోతే బుష్ మెలిక పడి త్వరగా చిరిగిపోతుంది. రెండు మూడు లోడ్లు తిరిగాక నట్లన్నీ ఇంకోసారి స్పానర్ పెట్టి చూసుకోండి.