తీసిన డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి

అమ్మ పర్సులోంచి చెప్పకుండా డబ్బు తీసి, ప్రార్థనలో మాత్రం క్షమించమని అడిగి ఊరుకునేవాళ్లు చాలామంది. అది సగం పనే. బైబిల్లో సంఖ్యాకాండము 5:7లో క్రమం స్పష్టంగా ఉంది: ముందు ఒప్పుకోవాలి, తీసింది పూర్తిగా ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి. అంటే 200 తీస్తే 240. యేసును కలిసిన పన్నుల అధికారి జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8).

ఎక్కువమంది ఎక్కడ తప్పుతారంటే, చప్పుడు చేయకుండా నోటు మళ్లీ పర్సులో పెట్టేస్తారు. లెక్క సరిపోతుంది. కానీ ఈలోగా అనుమానం తమ్ముడి మీదో, ఇంట్లో పనిచేసే ఆమె మీదో పడి ఉంటే అది అలాగే ఉండిపోతుంది. ఇది చాలా పెద్ద అన్యాయం. అందుకే నోటితో చెప్పాలి: "అమ్మా, పోయిన వారం నీ పర్సులోంచి రెండు వందలు తీశాను. తప్పు చేశాను." అంతే. "నువ్వు పాకెట్ మనీ ఇవ్వట్లేదు కదా" అని తగిలించావో, ఒప్పుకోలు కాస్తా ఫిర్యాదైపోతుంది.

ఒకేసారి ఇవ్వలేకపోతే వారానికి 40 చొప్పున ఆరు వారాలు, తేదీ రాసుకుంటూ ఇవ్వు. చర్చిలో వేయమని ఇచ్చిన కానుకలోంచి మాత్రం సర్దకు.