నైట్ షెల్టర్‌లో మొదటి షిఫ్టా? ఇవి తెలుసుకుని వెళ్లండి

ఇల్లు లేనివాళ్లు రాత్రి తలదాచుకునే నైట్ షెల్టర్‌లో వాలంటీర్‌గా చేస్తానని పేరిచ్చేశారు, రేపో ఎల్లుండో మొదటి షిఫ్ట్. "వాళ్లతో ఏం మాట్లాడాలి?" అని టెన్షన్ పడుతుంటారు, నేనూ అలాగే పడ్డాను. తీరా వెళ్తే అర్థమైంది, అక్కడికొచ్చే చాలామందికి మన మాటలు అక్కర్లేదు, నిద్ర కావాలి. రోడ్డు మీద పడుకునే మనిషి సంచి ఎవరు లాక్కెళ్తారో, ఎవరొచ్చి తంతారో అని రాత్రంతా ఒక చెవి తెరిచే ఉంచుతాడు. ఆ చెవి కాసేపు మూసుకోగలిగితే చాలు, మన పని అయినట్టే.

మొదట సాయంత్రం షిఫ్ట్ తీసుకోండి, రాత్రంతా మేలుకునే షిఫ్ట్ అలవాటయ్యాక చూద్దురు గాని. వారానికి ఒక్క రోజు చాలు, కానీ ప్రతి వారం అదే రోజు రండి. మంగళవారం మీరు తప్పకుండా ఉంటారని నమ్మకం కుదిరాకే ఎవరైనా తమ కాలి పుండు మీకు చూపిస్తారు. చప్పుడు చేయని బూట్లు వేసుకోండి (రాత్రి రెండింటికి మడమల టకటక ఎంత గట్టిగా వినిపిస్తుందో మీరే చూస్తారు), నగలు, ఘాటు సెంటు వద్దు. జలుబో జ్వరమో ఉంటే ఫోన్ చేసి మానేయండి, వరసగా మంచాలున్న హాల్లో అది ఇట్టే పాకుతుంది.

రిజిస్టర్‌లో వాళ్లు చెప్పిన పేరే రాయండి. నిన్న ఒకటి, ఇవాళ ఇంకొకటి చెప్పినా వాదించకండి. మంచం నంబర్ మాత్రం తప్పు రాయకూడదు, ఎందుకంటే నిప్పంటుకుంటే అందరూ బయటికొచ్చారో లేదో లెక్క చూసుకునేది ఆ పుస్తకంతోనే. "ఎందుకిలా అయ్యారు, ఇంట్లో ఎవరూ లేరా?" అనే ప్రశ్నలు వద్దే వద్దు. మందులేమైనా వాడుతున్నారా, ఫిట్స్ ఉన్నాయా, పొద్దున ఎన్నింటికి లేపాలి, ఇంతే అడగండి. ఫిట్స్ ఉన్నవాళ్లకు, తాగి వచ్చినవాళ్లకు కింది మంచమే ఇవ్వాలి.

ఇక లేపడం. మొదటి వారంలో నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఒక పెద్దాయన ఐదింటికి లేపమన్నారు, నేను వెళ్లి ప్రేమగా భుజం తట్టాను. కళ్లింకా తెరవకుండానే ఆయన పిడికిలి నా దవడ మీద పడింది. తర్వాత పాపం నాకంటే ఆయనే ఎక్కువ వణికిపోయారు, గోడకు జరిగి కూర్చుని సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నారు. తప్పు నాదే. చీకట్లో తనమీద చెయ్యి పడిందంటే దెబ్బలకే అని నేర్చుకున్న ఒళ్లు అది. అందుకే కాళ్ల వైపు, చెయ్యి అందనంత దూరంలో నిలబడి, పేరు పెట్టి 'గారు' చేర్చి పిలవండి. లేవకపోతే మంచం కోడును మెల్లగా తట్టండి. సంచిని అంగుళం కూడా జరపొద్దు, దారికి అడ్డంగా ఉన్నా సరే, వాళ్లనే జరపమనండి.

పడుకున్నాక అప్పుడప్పుడు తిరిగి చూస్తూ ఉండాలి. గురక వినిపిస్తోంది కదా, బాగానే ఉన్నాడనుకోకండి. గరగరమని గురక, నీలం తిరిగిన పెదాలు, ఎంత పిలిచినా లేవకపోవడం కనిపిస్తే మత్తుమందు ఎక్కువై ఉండొచ్చు, వెంటనే అంబులెన్స్. తాగి వచ్చినవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాంతి అయినా గొంతుకు అడ్డుపడదు. నిజానికి నాకు ఎక్కువ భయం రోజూ తాగుతూ హఠాత్తుగా మానేసినవాళ్లతోనే, చివరి గుక్క తర్వాత 6 నుంచి 48 గంటల్లోపు వాళ్లకు ఫిట్స్ రావచ్చు. చేతులు వణుకుతూ చెమటలు పడుతుంటే ఇన్‌ఛార్జ్‌కి చెప్పండి. ఫిట్స్ వస్తే టైమ్ చూసుకోండి, చుట్టూ ఉన్న వస్తువులు తీసేయండి, అదిమి పట్టుకోకండి, నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాల్సిందే.

చలిలోంచి వచ్చినవాళ్ల విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. వణుకుతున్నవాడి కంటే, ఒళ్లు మంచులా ఉన్నా వణుకు ఆగిపోయి మాట తడబడుతున్నవాడే ప్రమాదంలో ఉన్నాడు, చూడ్డానికి మాత్రం తాగినట్టే ఉంటాడు. తడి బట్టలు మార్పించి, ఛాతీ, నడుము వెచ్చబడేలా కప్పి, అంబులెన్స్‌కి ఫోన్ చేయించండి. చేతులూ కాళ్లూ రుద్దకండి.

పాదాల గురించి ఎవరూ చెప్పరు, అసలు కష్టం అక్కడే ఉంటుంది. రోజుల తరబడి విప్పని తడి సాక్స్ తీస్తే లోపల చర్మం తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, ఒక్కోసారి సాక్స్‌తో పాటే ఊడొస్తుంది. అతుక్కుంటే లాగకండి, గోరువెచ్చని నీళ్లలో నాననివ్వండి. నీళ్ల వేడి మీరే చూడాలి, షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ పోయి కాలినా తెలియకపోవచ్చు. వేళ్ల సందులు ఒత్తి తుడవాలి. నల్లబడిన వేలు, పుండు నుంచి వాసన కనిపిస్తే ఆ రాత్రే డాక్టర్‌కి చూపించాలి. ఇదంతా ముందు అడిగి, గ్లోవ్స్ వేసుకున్నాకే. ఏం పట్టుకెళ్లాలా అని ఆలోచిస్తుంటే కొత్త సాక్స్ పట్టుకెళ్లండి, ఎన్ని ఉన్నా చాలవు.

దుప్పట్లు 60 డిగ్రీల వేడిలో ఉతికించాలి. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద లేకపోతే రెండు మూడు రోజులకు మించి బతకదు కాబట్టి ఉతకలేనివి సంచిలో కట్టి పక్కన పెట్టొచ్చు. నల్లులకు ఆ చిట్కా పనికిరాదు, అవి తిండి లేకుండా నెలలు ఉండగలవు.

డబ్బులు, మీ ఫోన్ నంబర్ ఇవ్వకండి, ఎంత జాలేసినా. గొడవైతే మధ్యలోకి దూరకండి, గొంతు తగ్గించి, తలుపు దారి వదిలి, ఇన్‌ఛార్జ్‌ని పిలవండి. "ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే మాట ఇవ్వకండి, చచ్చిపోవాలనుందని చెప్తే దాచలేరు కదా.

పొద్దున లైట్లన్నీ ఒక్కసారి వేయకుండా వరసకొకటి వేయండి. తర్వాతి షిఫ్ట్ కోసం పుస్తకంలో చూసింది మాత్రమే రాయండి. "తాగుబోతు, మాట వినడు" అని కాదు, "7వ మంచం, రెండుసార్లు లేచి నీళ్లు అడిగారు, కుడి మడమ వాచింది" అని. ఆ మనిషే వెనక నిలబడి చదువుతున్నాడనుకుని రాయండి, సరిగ్గా వస్తుంది. రాత్రంతా మేలుకుని ఉంటే మాత్రం బండి నడపకండి, ఎవరినైనా దింపమనండి.