కొండెక్కక్కర్లేదు, గోదావరి గట్ల మీద పూలు చూడ్డానికి ఇలా నడవండి

పూలు చూడ్డానికి ట్రెక్కింగ్ అనగానే మనోళ్ళందరూ మారేడుమిల్లి పేరే చెప్తారు. మోదుగలు విరగబూసే టైములో ఆ దారి బావుంటుంది, కాదన్ను, కానీ రాజమండ్రి నించి సుమారు 85 కిలోమీటర్లు పోయే ఓపిక లేనోళ్ళకి డెల్టాలోనే బోలెడు పూలున్నాయండి. కొండల్లేని చోట ట్రెయిల్ ఏంటంటారా, ఏటిగట్టు, కాలవగట్టు, అవే మన ట్రెయిల్స్. కడియం నర్సరీలు మాత్రం ఈ లెక్కలోకి రావు, అవి అమ్మకానికి పెంచినవి.

ఫిబ్రవరి సగం నించి ఏప్రిల్ మొదటి రోజుల దాకా మంచి టైము. ఆ తర్వాత రిపేర్ల కోసం కాలవలు కట్టేస్తారు కదా, నీళ్ళు తగ్గితే కలువలూ తూటికాడ పూలూ ఏం మిగుల్తాయి, పైగా ఎండ మాడ్చేస్తది. పొద్దున్నే ఆరింటికల్లా గట్టెక్కెయ్యండి, ఎందుకంటే తూటికాడ పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి వడిలిపోద్ది, పదింటికి లేచెళ్ళి ఇక్కడేం లేవే అంటే ఎలా.

ముందు బూరుగ. ఆకులన్నీ రాలిపోయి ఒట్టి కొమ్మల మీద ఎర్రటి పెద్ద పూలుంటాయి, దూరం నించే తెలిసిపోద్ది. కింద రాలిన పూలు చూసి వచ్చెయ్యకండి, కాసేపు కదలకుండా నిలబడితే తేనె కోసం గోరింకలూ కాకులూ కొట్టుకోడం చూడొచ్చు, నాకైతే పువ్వు కంటే అదే ఇష్టం. ఉగాది దగ్గర పడేసరికి వేపపూత, దానితోపాటే గానుగ, తెలుపూ లేత ఊదా కలిసిన చిన్న పూలు గట్టంతా పరుచుకుంటాయి. గంగరావి చెట్టు కనిపిస్తే సాయంత్రం కూడా ఒకసారి రండి, పొద్దున పసుప్పచ్చగా ఉన్న పువ్వే సాయంత్రానికి ఎర్రబడతది. ఇంక గుర్రపుడెక్క, పువ్వు అందంగానే ఉంటుంది, ఫోటో తీసుకోండి, తెచ్చి మీ ఊరి చెరువులో మాత్రం వెయ్యకండి బాబూ, దక్షిణ అమెరికా నించి వచ్చి మన కాలవల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

సముద్రం వైపు కావాలంటే నర్సాపురంలో గోదారి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగి అంతర్వేది పోవచ్చు, అక్కడ ఇసక మీద మేక గిట్టలాంటి ఆకుల తీగ పాకుతా ఉంటుంది, ఊదా పూలు. ఇసక కొట్టుకుపోకుండా ఆపేది ఆ తీగే, తొక్కుకుంటా పోవద్దు.

కాకినాడ యానాం రోడ్డులో కోరింగ అభయారణ్యం ఉంది, 1978లో పెట్టారు, మడ అడవిలో చెక్కల దారి వేశారు కాబట్టి పిల్లల్తో కూడా నడవొచ్చు. మడ పూలు మరీ చిన్నవి, పసుపు రంగులో ఉంటాయి, వెతుక్కోవాలి. ముళ్ళ ఆకుల పొదల్లో నీలంగా పూసేవైతే తొందరగా దొరుకుతాయి. దోమల మందు రాసుకోండి.

గడ్డిలో పాములుంటాయి, చేతిలో కర్ర, కాళ్ళకి బూట్లు ఉండాల్సిందే. దాళ్వా, అంటే రెండో పంట వరి, చేలల్లోకి దిగేముందు రైతునడగండి. రొయ్యల చెరువుల గట్లెక్కకండి, కాపలా వాళ్ళు ఊరుకోరు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు వైర్లు కూడా అక్కడే పడుంటాయి. పేరు తెలీని పువ్వైతే ఆకునీ బెరడునీ కూడా ఫోటో తియ్యండి, ఒక్క పువ్వు ఫోటో చూసి యాప్ ఏదేదో చెప్తది, అంతకన్నా గేదెలు మేపే పెద్దాయన్ని అడిగితే పేరూ చెప్తాడు, దేనికి వాడతారో కూడా చెప్తాడు. జిల్లేడు పువ్వు కోసిన చేత్తో కళ్ళు నులుముకోకండి, ఆ పాలు కంట్లో పడితే ఆస్పత్రికి పోవాల్సిందే.