క్యూబర్నెటీస్ వెర్షన్ మార్చే ముందు

క్యూబర్నెటీస్ అంటే చాలా సర్వర్ల మీద కంటైనర్ యాప్‌లను నడిపే సాఫ్ట్‌వేర్. దాని కొత్త వెర్షన్‌కి వెళ్లాలంటే రిలీజ్ నోట్స్ మొత్తం చదవక్కర్లేదు. తీసేసిన ఏపీఐల భాగం మాత్రం వదలొద్దు. 2021లో వచ్చిన 1.22లో ఇంగ్రెస్ (బయటి ట్రాఫిక్‌ని లోపలి సర్వీసులకు పంపేది) బీటా ఏపీఐలు పోయాయి, 2022లో 1.25లో పాడ్ సెక్యూరిటీ పాలసీ (పాడ్లకు, అంటే కంటైనర్లు నడిచే యూనిట్లకు, భద్రతా నియమాలు పెట్టేది) పోయింది. మీ యామ్ల్ (YAML) సెట్టింగ్ ఫైళ్లలో ఏపీఐవెర్షన్ లైన్లన్నీ వెతకండి, హెల్మ్ చార్టుల్లో (ఆ ఫైళ్లను కట్టగా ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీల్లో) దాక్కున్నవి కూడా. నేనొకసారి మా ఫైళ్లన్నీ సరిచేసి, ఎవరో ఎప్పుడో పెట్టిన ఒక్క చార్టు మర్చిపోయాను. ఆ రాత్రంతా టెన్షనే.

• 1.29 నుంచి నేరుగా 1.31కి దూకకూడదు. కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ని నడిపించే భాగం) ఒక్కో మైనర్ వెర్షనే ఎక్కాలి. నోడ్లు (యాప్‌లు నడిచే మెషీన్లు) ఆ తర్వాతే.

• ఈటీసీడీ (etcd, క్లస్టర్ డేటా అంతా ఉండే డేటాబేస్) మీ చేతిలోనే ఉంటే బ్యాకప్ తీయండి. తీసి ఊరుకోకుండా వేరే చోట రీస్టోర్ చేసి చూడండి. ఈ రెండో పనే అందరూ ఎగ్గొట్టేది.

• పాడ్ డిస్రప్షన్ బడ్జెట్లు (ఒకేసారి ఎన్ని పాడ్లు ఆపొచ్చో చెప్పే హద్దులు) చూసుకోండి. రెప్లికా (పాడ్ కాపీ) ఒకటే ఉండి, మిన్ అవైలబుల్ (కనీసం నడుస్తూ ఉండాల్సిన పాడ్లు) కూడా 1 అని రాసి ఉంటే, నోడ్ ఖాళీ చేసే కమాండ్ అక్కడే మొరాయిస్తుంది. మీరేమో నెట్‌వర్క్ స్లో అనుకుంటూ కూర్చుంటారు.

• ఏపీఐ సర్వర్‌కీ (కంట్రోల్ ప్లేన్‌లో కమాండ్లు అందుకునేది) మీ ల్యాప్‌టాప్‌లోని క్యూబ్‌కంట్రోల్‌కీ (kubectl, ఆ కమాండ్లు పంపే టూల్) తేడా ఒక మైనర్ వెర్షన్ దాటకూడదు.

• టెస్ట్ క్లస్టర్ ఉంటే ముందు దానిమీదే.