పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయా? అప్పుడే ఫార్మాట్ కొట్టించకండి

ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న మా పర్లాకిమిడి దగ్గర వైరస్ ఎక్కువగా ఇంటర్నెట్లోంచి కాదు, జిరాక్స్ షాపులోంచి వస్తాది. ఇక్కడ ఒడియా ఫారం, పక్కనే ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే తెలుగు ఫారం, రెండిటికీ ఒకటే పెన్‌డ్రైవ్, ఆ షాపుల సిస్టంలో పొద్దున్నుంచి ఎవరెవరివో గుచ్చి తీస్తానే ఉంటారు. ఇంటికొచ్చి పెట్టేసరికి ప్రతి ఫోల్డర్ మీదా చిన్న బాణం గుర్తు, సైజు చూస్తే ఒకటో రెండో కేబీ, ఇంకేముంది డేటా పోయిందని గాభరాపడి ఎవరికో చూపిస్తే ఫార్మాట్ చెయ్యాలంటారు.

అక్కర్లేదండీ. మీ ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. వైరస్ వాటిని దాచేసి అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడతాది, మీరు డబుల్ క్లిక్ కొడితే ముందు దాని స్క్రిప్ట్ (వైరస్ దాచిన చిన్న ప్రోగ్రాం) నడుస్తాది, వెనకాలే మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటాది, అందుకే చాలామందికి అనుమానమే రాదు. ఒకప్పుడు ఆటోరన్ అని, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచేది. 2011లో మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌పీ, విస్టాలకి కూడా అప్‌డేట్ పంపి దాన్ని ఆపేసింది. అప్పట్నుంచి ఇలా మన చేతే క్లిక్ కొట్టించుకునే రకాలు ఎక్కువయ్యాయి.

అయితే ముందు అది నిజంగా వైరసేనా చూడండి. సిస్టం స్లో అయితే చాలు వైరస్ అనేస్తారు మనోళ్ళు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తాది, అందులో డిస్క్ వంద శాతం దగ్గర ఉండిపోయి పైన విండోస్ అప్‌డేటో క్రోమో కనిపిస్తే అది పాత హార్డ్ డిస్క్ గోల, వైరస్ కాకపోవచ్చు. స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యమంటే అది మోసం, మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబర్ పెట్టదు, బ్రౌజర్ మూసేయండి అంతే. మూలన క్రోమ్ గుర్తుతో అస్తమానం వైరస్ వైరస్ అని వస్తుంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్ళి తెలియని సైట్లన్నీ తీసేయండి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ చేసినా దానంతటదే ఆఫ్ అవడం, టాస్క్ మేనేజర్లో విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్ అని ఊరికే నడుస్తా ఉండడం, కొత్త పెన్‌డ్రైవ్ పెట్టినా షార్ట్‌కట్లు రావడం, ఇవైతే గట్టిగా అనుమానించాలి.

ఇప్పుడు అసలు పని. సిస్టం ముందు, పెన్‌డ్రైవ్ తర్వాత. ఇది తిరగేస్తే కడిగిన కాళ్ళతో మళ్ళీ బురదలోకి దిగినట్టే.

ముందు డిఫెండర్ అప్‌డేట్ చేసుకుని, కింద చెప్పే టూల్స్ కూడా దింపుకుని నెట్ తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్, చివర్లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటాది. అది కొడితే సిస్టం రీస్టార్ట్ అయ్యి విండోస్ లేవకముందే వెతుకుతాది, పావుగంట పడుతుంది, తెరిచున్న ఫైళ్ళు ముందే సేవ్ చేసుకోండి. తర్వాత రెండో అభిప్రాయానికి మాల్‌వేర్‌బైట్స్ అనే వైరస్ వెతికే సాఫ్ట్‌వేర్ ఫ్రీది ఒకసారి తిప్పండి. కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్లో కూడా ఫ్రీ టూల్స్ ఉన్నాయి, చాలామందికి తెలీదు. ఏదీ తెరుచుకోకపోతే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి చెయ్యండి.

సిస్టం క్లీన్ అయ్యాక పెన్‌డ్రైవ్ పెట్టండి, కానీ దేని మీదా డబుల్ క్లిక్ వద్దు. స్కాన్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పెన్‌డ్రైవ్ లెటర్ (ఈ, ఎఫ్ లాంటిది) ఏదుంటే అది కోలన్‌తో కొట్టి ఎంటర్. తర్వాత ఆట్రిబ్ అని కొట్టండి, ఏ టీ టీ ఆర్ ఐ బీ. స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, స్టార్ డాట్ స్టార్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డీ, ఎంటర్. దాక్కున్నవి బయటికొస్తాయి. కొన్ని రకాలు అన్నిటినీ పేరులేని ఫోల్డర్లో పడేస్తాయి, అందులో కూడా చూడండి. ఫొటోలూ డాక్యుమెంట్లూ మాత్రం కాపీ చేసుకుని, షార్ట్‌కట్లూ తెలియని స్క్రిప్టులూ వదిలేసి, అప్పుడు ఫార్మాట్ కొట్టుకోండి పెన్‌డ్రైవ్‌ని.

ఫైళ్ళ పేర్ల చివర కొత్త ఎక్స్‌టెన్షన్ చేరి, డబ్బులు అడిగే నోట్ కనిపిస్తే అది ఫైళ్ళకి తాళం వేసి డబ్బులు గుంజే ర్యాన్సమ్‌వేర్, పూర్తిగా వేరే కథ. డబ్బులు కట్టకండి, లాక్ అయిన ఫైళ్ళు చెరిపేయకండి. నో మోర్ ర్యాన్సమ్ సైట్లో కొన్ని రకాలకి ఫ్రీ తాళంచెవులు దొరుకుతాయి, మీ రకానికి దొరక్కపోవచ్చు కూడా.

క్రాక్ (డబ్బులు కట్టకుండా వాడుకునే దొంగ సాఫ్ట్‌వేర్) ఏదైనా యాంటీవైరస్ ఆపేసి ఎక్కించి ఉంటే (డీటీపీ చేసేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు) పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం వచ్చిందనే అనుకోండి. వేరే ఫోన్లోంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి అన్ని డివైసుల్లో లాగౌట్ కొట్టండి. డబ్బులు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఒడిశా అయినా ఆంధ్రా అయినా అదే నంబర్.

ఇవన్నీ చేసినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు విండోస్ రీసెట్. ఫైళ్ళతో పాటు మీ అను ఫాంట్లూ ఆకృతి ఒడియా ఫాంట్లూ వేరేచోట దాచుకోండి, లేకపోతే పాత కార్డు డిజైన్లు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మెషీన్ తట్టుకుంటే పనిలో పనిగా 11 వేసేయండి.

ఇక ప్రింటుకైతే పీడీఎఫ్ చేసి షాపు వాట్సాప్‌కి పంపించడమే మేలు, కాకపోతే ఆధార్ కాపీ అయితే ప్రింట్ అవ్వగానే అక్కడే నిలబడి వాళ్ళ సిస్టంలోంచి డిలీట్ చేయించుకోండి.