అల్యూమినియం భాగాలపై పగుళ్లను ఎడ్డీ కరెంట్‌తో కొలిచే విధానం

విమానాలలో విరివిగా వాడే 7075-టి6 అల్యూమినియం మిశ్రలోహంపై, పైకి తెరుచుకున్న పగులును పెన్సిల్ ప్రోబ్‌తో కొలిచే పద్ధతి ఇది. ప్రోబ్ కొనలోని కాయిల్‌లో ఏసీ (దిశ మారుతూ ఉండే విద్యుత్తు) ప్రవహించినప్పుడు లోహపు పైపొరలో విద్యుత్తు సుడులుగా పుడుతుంది; ఇదే ఎడ్డీ కరెంట్. పగులు అడ్డొచ్చిన చోట ఆ సుడి పక్కకు మళ్లడంతో కాయిల్ ఇంపెడెన్స్ (ఏసీకి అది చూపే అడ్డు) మారి, ప్రోబ్‌కు కలిపిన పరికరం తెరపై చుక్క కదులుతుంది.

ఈ లోహంలో 200 కిలోహెర్ట్జ్ వద్ద ప్రామాణిక చొరబాటు లోతు సుమారు 0.25 మిల్లీమీటర్లు, అంటే ఆ లోతులో ప్రవాహ సాంద్రత ఉపరితలంలో ఉన్నదానిలో 37 శాతానికి తగ్గుతుంది. ఉపరితల పగుళ్లకు ఈ ఫ్రీక్వెన్సీతో మొదలుపెట్టవచ్చు.

అదే మిశ్రలోహంతో చేసి, 0.2, 0.5, 1.0 మిల్లీమీటర్ల లోతు నాచ్‌లు (సన్నని గాట్లు) కోసిన రిఫరెన్స్ బ్లాక్‌ను తీసుకోండి. నాచ్ లేని చోట ప్రోబ్‌ను ఆనించి బ్యాలెన్స్ చేసి (చుక్కను సున్నా స్థానానికి తెచ్చి), కొద్దిగా పైకెత్తినప్పుడు చుక్క అడ్డంగా కదిలేలా ఫేజ్‌ను (చుక్క కదిలే దిశను) తిప్పండి. ఈ ఒక్క సర్దుబాటులో అశ్రద్ధ చేస్తే చేతి వణుకు కూడా పగులులాగే కనిపిస్తుంది. తర్వాత 0.5 నాచ్ మీదుగా జరిపి, చుక్క తెర ఎత్తులో సగం వరకు లేచేలా గెయిన్ (సిగ్నల్‌ను పెంచే స్థాయి) పెట్టండి. భాగంపై రంగు ఉంటే, అంతే మందం గల ప్లాస్టిక్ షిమ్‌ను (పలుచని రేకును) బ్లాక్‌పై పరచి ఇవన్నీ చేయాలి.

ప్రోబ్‌ను ఉపరితలానికి నిటారుగా పట్టుకుని, కాయిల్ వ్యాసంలో సగానికి మించని ఎడంతో వరుసలుగా, రెండు దిశలలోనూ జరపండి. అంచు దగ్గరకు రాగానే సిగ్నల్ దానంతటదే మారుతుంది కనుక, అక్కడ స్కేలు ఆధారంగా అంచుకు సమదూరంలో జరుపుతూ మళ్లీ బ్యాలెన్స్ చేయాలి. రంధ్రాల అంచుల వద్ద తొందరపడకూడదు: 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ విమానం పైకప్పు ఊడిపోయినప్పుడు, రివెట్ రంధ్రాల వద్ద పుట్టిన ఫెటీగ్ పగుళ్లు (పదేపదే పడే ఒత్తిడి వల్ల వచ్చేవి) అందుకు దారితీశాయి.

పగులు దొరికాక, దానికి అడ్డంగా ప్రోబ్‌ను జరుపుతూ ప్రతిసారీ పగులు వెంట అర మిల్లీమీటరు ముందుకు వెళ్లండి. సిగ్నల్ గరిష్ఠ ఎత్తులో సగానికి పడిపోయిన రెండు చివరలనూ గుర్తిస్తే, వాటి మధ్య దూరమే పొడవు. కాయిల్ వ్యాసం కంటే పొట్టి పగులుకు ఇది పనికిరాదు.

లోతు సంగతి వేరు. సిగ్నల్ ఎత్తును నాచ్‌లతో పోల్చవచ్చు గానీ, నిజమైన ఫెటీగ్ పగులు ముఖాలు అక్కడక్కడా ఒకదానికొకటి తాకుతూ ఉండటం వల్ల, అంతే లోతున్న నాచ్ కంటే తక్కువ సిగ్నల్ ఇస్తుంది; అంటే అసలు లోతు మనం అనుకున్నదానికంటే ఎక్కువ కావచ్చు. అందువల్ల నివేదికలో ‘లోతు 0.5 మి.మీ.’ అని కాక, ‘0.5 మి.మీ. నాచ్‌కు సమానమైన సిగ్నల్’ అనే రాయాలని నా గట్టి అభిప్రాయం.

పని ముగిశాక బ్లాక్‌పై మళ్లీ సరిచూడండి. సిగ్నల్ మీ పద్ధతి పత్రం అనుమతించిన హద్దు దాటి మారి ఉంటే, క్రితం సరిచూసినప్పటి నుంచి పరీక్షించిన భాగాలన్నింటినీ తిరిగి పరీక్షించాలి.