పేరు తిరగబడి ఆగిన నా మెడికేర్ పని

నేను టెక్సాస్‌లో మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్లాన్ల ఏజెంట్‌ని. నిరుడు న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అక్టోబర్ 15 వచ్చేసిందమ్మా, ప్లాన్ మార్చుకునే రోజులు మొదలయ్యాయి, నా షుగర్ మందులు ఏ ప్లాన్‌లో వస్తాయో కాస్త చూడు."

టెక్సాస్ లైసెన్స్ అక్కడ చెల్లదు. కొనేవాళ్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్స్ కావాలి. వేరే రాష్ట్రంలో ఉండే ఏజెంట్లకిచ్చే నాన్-రెసిడెంట్ లైసెన్స్‌కి ఎన్ఐపీఆర్ (బీమా లైసెన్సులకు అప్లై చేసే ఆన్‌లైన్ సైట్) ద్వారా అప్లై చేస్తే తొందరగానే వచ్చింది. మెడికేర్ ప్లాన్లు అమ్మే ఏజెంట్లు రాసే, 90 శాతం వస్తేనే పాసయ్యే ఏహెచ్ఐపీ పరీక్ష అప్పటికే పాసయ్యాను. అయినా బీమా కంపెనీ పోర్టల్‌లో నాకు అమ్మే అనుమతి రాలేదు. ఆ వారమంతా ఒకటే టెన్షన్.

చివరికి లైసెన్స్, పరీక్ష సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూశాను. లైసెన్స్‌లో ఇంటిపేరు చివర ఉంది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరే మొదటి పేరైపోయింది! మన పాస్‌పోర్టుల్లో ఉండే తిరకాసే ఇది. పరీక్ష ఖాతాలో పేరును లైసెన్స్‌లో ఉన్నట్టే మార్పించి, ఎన్‌పీఎన్ (ఏజెంట్ గుర్తింపు) నంబర్ ఒక్కో అంకె సరిచూసి, సర్టిఫికెట్ మళ్లీ పంపాను. నాలుగో రోజుకి అనుమతి వచ్చింది.

అనుమతి లేకుండా అమ్మితే లైసెన్స్‌కే ముప్పు. అందుకే అంతవరకూ ఆయనకు మెడికేర్ హెల్ప్‌లైన్ నంబర్ ఇచ్చాను. డిసెంబర్ 7 గడువుకి ముందే, ఆయన ఇన్సులిన్ కవరయ్యే ప్లాన్‌లో చేర్చాను.